అల గుర్తుకు అటూ ఇటూ

హైదరాబాద్ పుప్పాలగూడలో అద్దె ఇల్లు వెతకడం మొదలుపెట్టినవాళ్ల దగ్గర వారం తిరిగేసరికి ఒక ఎక్సెల్ షీటు తయారవుతుంది. ఐటీ కారిడార్‌లో బతికేవాళ్లకు అంటుకున్న జబ్బు అది. పెళ్లిసంబంధాలకు కూడా షీటు పెట్టిన మిత్రులు నాకున్నారు. నా షీటులో ఉన్నవి ఇవి: నెల అద్దె, చదరపు అడుగులు, పడకగదులు, ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా లేదా, గుమ్మం ఏ దిక్కుకు, గేటెడ్ కమ్యూనిటీనా విడి బిల్డింగా, ఎండాకాలం నీళ్లు బోరువా ట్యాంకరువా, నానక్‌రామ్‌గూడలో ఆఫీసుకు ఎన్ని కిలోమీటర్లు, పిన్‌కోడ్, అడ్వాన్స్ ఎంత. చూసొచ్చిన ఒక్కో ఇంటికి ఒక్కో వరుస.

"ఈస్ట్ ఫేసింగ్ సార్, అందుకే ఆ రేటు" అని బ్రోకర్ అన్న ప్రతిసారీ నాకు అనుమానం. ధర నిజంగా తూర్పు గుమ్మానిదేనా, లేక ఇక్కడ తూర్పు గుమ్మం ఫ్లాట్లను బిల్డర్లు కాస్త పెద్దవిగా కడుతున్నారా? రెండు కారణాలూ కలిసిపోయి ఉన్నప్పుడు కంటితో చూసి విడదీయలేం. అందుకే ఒక రాత్రి ఆర్ అనే గణాంక భాషను తెరిచి ఈ వరుస రాశాను:

అద్దె ~ విస్తీర్ణం + అంతస్తు + దిక్కు

చూడ్డానికి చిన్నది. దీన్ని స్టాటిస్టిక్స్ వాళ్లు మోడల్ ఫార్ములా అంటారు. నడుమ ఉన్న అల లాంటి గుర్తు టిల్డ్. కీబోర్డులో ఎడమవైపు పై మూల, ఎస్కేప్ మీట కింద ఉండి, చాలామందికి జన్మలో అవసరం పడనిది. ఇంగ్లిషు పుస్తకాలు దాన్ని ఎలా చదవాలో చెప్పడానికి నాలుగైదు మాటలు వాడతాయి గానీ, తెలుగులో మనకు ఒక్క మాట చాలు: బట్టి. అద్దె దేన్ని బట్టి? విస్తీర్ణాన్ని బట్టి, అంతస్తును బట్టి, దిక్కును బట్టి. ఎడమవైపు మనం తెలుసుకోవాలనుకునేది, కుడివైపు దాన్ని మారుస్తాయని మనం అనుమానించేవి.

ఇది సమీకరణం కాదు. ఇందులో ఎక్కడా సమానం గుర్తు లేదు, అంకె లేదు. ఆర్ దీన్ని చూడగానే విస్తీర్ణానికి అంతస్తును కూడబోదు. చెప్పిన మాటను చెప్పినట్టే దాచుకుంటుంది. ఎల్‌ఎం అనే ఫంక్షన్‌కు దీన్నీ, షీటునూ అందించినప్పుడే లెక్క మొదలవుతుంది. చదరపు అడుగుకు ఇంత, అంతస్తుకు ఇంత, దిక్కుకు ఇంత అని అంకెలు అప్పుడు బయటికొస్తాయి. బీజగణితంలో టర్మ్‌ను మనం పదం అంటాం. వాక్యంలో వర్డ్‌నూ పదమే అంటాం. ఫార్ములా విషయంలో ఈ రెండు అర్థాలూ ఒకటే. ఇది పదాలతో కట్టిన వాక్యం, అంకగణితం కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే తప్పుల్లో సగానికి పైగా ఈ ఒక్క తేడా మరిచిపోవడం వల్లే వస్తాయని నా అభిప్రాయం.

ఆ కూడిక గుర్తునే చూడండి. అద్దె ~ విస్తీర్ణం + విస్తీర్ణం అని రాస్తే ఏమవుతుంది? అంకగణితమైతే రెండింతలు కావాలి. ఆర్‌లో ఏమీ కాదు, విస్తీర్ణం ఒక్కసారి రాసినట్టే లెక్క. ఇక్కడి కూడిక "ఇదీ, ఇదీ జాబితాలో చేర్చు" అనే ఆజ్ఞ. స్కూల్లో చదివిన సమితుల సమ్మేళనం గుర్తుంటే అదే ఇది. పెళ్లి పిలుపుల జాబితాలో మేనమామ పేరు రెండుసార్లు రాసినంత మాత్రాన ఇద్దరు మేనమామలు రారు.

తెలుగు వ్యాకరణంలో దీనికి సరిగ్గా సరిపోయే మాట ఉంది: ద్వంద్వ సమాసం. రామలక్ష్మణులు అంటే రాముడూ, లక్ష్మణుడూ. ఎవరి అస్తిత్వం వారిదే, ఎవరి బలం వారిదే. విస్తీర్ణం + అంతస్తు అన్నప్పుడు మనం చేస్తున్న ప్రతిపాదన కూడా అలాంటిదే. అంతస్తు పెరిగితే అద్దె ఎంత మారుతుందో ఆ మార్పు చిన్న ఫ్లాటుకైనా పెద్ద ఫ్లాటుకైనా ఒకటేనని ఒప్పుకుంటున్నాం.

లోకం ప్రతిసారీ అలా నడవదు. అంతస్తుకూ లిఫ్టుకూ ఉన్న సంబంధం తీసుకోండి. లిఫ్టు ఉన్న బిల్డింగులో పైకి పోయేకొద్దీ గాలి, వెలుతురు, దోమలు తక్కువ, అద్దె పెరుగుతుంది. లిఫ్టు లేని పాత బిల్డింగులో నాలుగో అంతస్తంటే గ్యాస్ సిలిండర్ మోసే అబ్బాయి కూడా మొహం చిట్లిస్తాడు. అక్కడ పైకి పోయేకొద్దీ అద్దె తగ్గుతుంది. అంతస్తు ప్రభావం ఎంత అని అడిగితే జవాబు లేదు. "లిఫ్టు ఉందా?" అని ఎదురు ప్రశ్న వేయాలి. ఇలాంటి జోడీని ఫార్ములాలో రెండు చుక్కల కోలన్‌తో రాస్తారు: అంతస్తు:లిఫ్టు. స్టాటిస్టిక్స్‌లో దీని పేరు ఇంటరాక్షన్.

ఇది ద్వంద్వం కాదు, బహువ్రీహి. ముక్కంటి అన్నప్పుడు మన మనసులోకి మూడు రాదు, కన్ను రాదు, శివుడు వస్తాడు. రెండు పదాలూ కలిసి తమలో ఏ ఒక్కదానికీ లేని మూడో అర్థాన్ని ఇచ్చాయి. వ్యాకరణం నచ్చనివాళ్లకు తాంబూలం ఉంది. ఆకు పచ్చన, సున్నం తెల్లన, వక్క గోధుమ రంగు. నోరు మాత్రం ఎర్రన. ఆ ఎరుపును "ఆకు వల్ల ఇంత, సున్నం వల్ల ఇంత" అని వాటాలు పంచలేం. మన పాతకాలపు చార్వాకులు చైతన్యం ఎలా పుడుతుందో చెప్పడానికి ఈ తాంబూలం ఉదాహరణే వాడారంటారు. వాళ్లకు ఇంటరాక్షన్ అనే మాట తెలియదు, సంగతి తెలుసు.

విడివిడి పదాలూ, వాటి జోడీ అన్నీ కావాలంటే నక్షత్రం గుర్తు. అంతస్తు * లిఫ్టు అంటే అంతస్తు + లిఫ్టు + అంతస్తు:లిఫ్టు అని విప్పి చదువుకోవాలి. గుణకారం కాదు, సంక్షిప్త లిపి. ఫలితాలు చదివేటప్పుడు మాత్రం జాగ్రత్త. అంతస్తు పక్కన 300, జోడీ పక్కన మైనస్ 900 వచ్చాయనుకుందాం (అంకెలు నా ఊహ). అంతస్తు ప్రభావం 300 అని చెప్పేస్తే తప్పు. లిఫ్టు కాలమ్‌లో ఉన్న మాటలు "ఉంది", "లేదు". ఆర్ వాటిని అక్షరక్రమంలో పేర్చి మొదటిదాన్ని ఆధారంగా తీసుకుంటుంది. ఉకారం ముందు, లకారం తర్వాత. కాబట్టి ఆధారం "ఉంది". అంటే 300 అనేది లిఫ్టు ఉన్న ఇళ్ల సంగతి మాత్రమే. లేని ఇళ్లలో 300లోంచి 900 పోగా, అంతస్తుకు 600 చొప్పున తగ్గుదల. జోడీ ఉన్న మోడల్లో విడి పదాన్ని ఒంటరిగా చదవకూడదు. ఈ పొరపాటు పెద్ద పెద్ద ప్రెజెంటేషన్లలో కూడా చూశాను.

నక్షత్రం పొదుపుగా వాడాల్సిన గుర్తు. మూడు పేర్ల మధ్య రెండు నక్షత్రాలు పెడితే 7 పదాలు పుడతాయి. నాలుగు పేర్లకు 15. పది పేర్లకు 1023. నేను చూసిన ఇళ్లు యాభై లోపే. వెయ్యి ప్రశ్నలకు యాభై సాక్ష్యాలతో జవాబు చెప్పమంటే ఏ దేవుడూ చెప్పలేడు.

ఇక అందరూ ఒకసారి పడే గుంత. విస్తీర్ణం పెరిగేకొద్దీ అద్దె నేరుగా కాక వంపు తిరిగి పెరుగుతోందనిపించి, విస్తీర్ణం వర్గాన్ని చేర్చాలనుకుంటారు. స్కూల్లో నేర్చినట్టు విస్తీర్ణం^2 అని రాస్తారు. ఆర్ కిక్కురుమనదు, ఎర్ర అక్షరాలు రావు, ఫలితం వస్తుంది. అందులో వర్గం ఉండదు. ఎందుకంటే ఫార్ములా భాషలో ^2 అంటే "దానితో దాన్నే నక్షత్రించు". విస్తీర్ణం * విస్తీర్ణం అంటే విస్తీర్ణం + విస్తీర్ణం + విస్తీర్ణం:విస్తీర్ణం. ఒకే సమితి తనతో తాను కలిస్తే తానే మిగులుతుంది గనుక అంతా కుదించుకుపోయి చివరికి ఒక్క విస్తీర్ణం. కుండలీకరణాల్లో మూడు పేర్లు కూడి దానికి ^2 పెడితే మాత్రం ఉపయోగం ఉంది. మూడు విడి పదాలు, మూడు జోడీలు వస్తాయి, ముగ్గురూ కలిసిన త్రయం రాదు. నిజంగా అంకగణితపు వర్గమే కావాలంటే దాన్ని ఐ అనే ఒంటి అక్షరపు ఫంక్షన్ లోపల పెట్టాలి. "ఈ కుండలీకరణాల లోపల నీ వ్యాకరణం ఆపు, మామూలు లెక్క చెయ్యి" అని దానర్థం. లాగరిథమ్ లాంటి ఫంక్షన్లకు ఆ గొడవ లేదు, వాటి లోపల మామూలు లెక్కే నడుస్తుంది.

ఈ వింత వ్యాకరణం ఎవరికి అవసరమైంది? సాఫ్ట్‌వేర్ వాళ్లకు కాదు, పొలంలో పనిచేసేవాళ్లకు.

ఆ కథ చెప్పాలంటే ముందు పుప్పాలగూడ డెలివరీ అబ్బాయి కష్టం చెప్పాలి. ఎనిమిది టవర్లున్న గేటెడ్ కమ్యూనిటీ గేటు దగ్గర నిలబడి ఫోన్ చేస్తాడు. "అన్నా, 402 అని ఉంది, ఏ టవరన్నా?" ప్రతి టవర్లోనూ ఒక 402 ఉంది. ఈ టవర్ 402కూ, ఆ టవర్ 402కూ నంబరు తప్ప ఏ చుట్టరికమూ లేదు. ఫ్లాటు నంబరుకు టవర్ లోపల మాత్రమే అర్థం ఉంది. ఇలాంటిదాన్ని ఫార్ములాలో వాలుగీతతో రాస్తారు: టవర్/ఫ్లాటు. విప్పితే టవర్ + టవర్:ఫ్లాటు. ఫ్లాటు అనే విడి పదం ఇందులో లేదని గమనించండి. అది లేకపోవడంలోనే విషయమంతా ఉంది.

పొలంలో ఇది నిత్యకృత్యం. వరి పరిశోధన చేసేవాళ్లు పొలాన్ని బ్లాకులుగా, బ్లాకును మళ్లుగా విడగొడతారు. ఒక్కో బ్లాకులోనూ మూడో నంబరు మడి ఉంటుంది, అన్నీ వేరు. నీటితడిని పెద్ద మళ్లకు మార్చి, వాటి లోపల చిన్న మళ్లలో వరి రకాలు మార్చడం ఇంకో పద్ధతి, ఎందుకంటే చిన్న మడికి విడిగా కాలువ తీయడం కుదరదు. మన సాంబ మసూరి ఒక నేలలో బాగా పండి మరో నేలలో పండకపోతే, రకానికీ నేలకూ మధ్య ఉన్న జోడీ పదమే అది. లండన్‌కు ఉత్తరాన రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో 1919 నుంచి 1933 దాకా పనిచేసిన ఆర్. ఎ. ఫిషర్ ఇలాంటి ప్రయోగాల లెక్కలకు పునాది వేశాడు. కంప్యూటర్లు వచ్చాక కొత్త చిక్కు వచ్చింది. ప్రయోగం రూపం మారినప్పుడల్లా కొత్త ప్రోగ్రామ్ రాసుకోవాలా?

జి. ఎన్. విల్కిన్సన్, సి. ఇ. రోజర్స్ అనే ఇద్దరు 1973లో అప్లైడ్ స్టాటిస్టిక్స్ పత్రికలో ఎనిమిది పేజీల వ్యాసం రాశారు. ప్రయోగం ఏ రూపంలో ఉన్నా కొన్ని గుర్తులతో ఒక వరుసలో చెప్పొచ్చు, ఆ వరుసను యంత్రం పదాలుగా విప్పుకోవచ్చు, ఆ తర్వాత అన్నింటికీ ఒకే లెక్క సరిపోతుంది అన్నది దాని సారాంశం. రోథమ్‌స్టెడ్‌లో జాన్ నెల్డర్ నాయకత్వంలో తయారైన జెన్‌స్టాట్ అనే సాఫ్ట్‌వేర్ ఈ గుర్తులతోనే నడిచింది. ఆ వ్యాసానికి ముందు ఏడాదే, 1972లో, పటాన్‌చెరువులో ఇక్రిశాట్ పుట్టింది. జొన్న, శనగ, కంది ప్రయోగాల మళ్లు మన ఊరి శివార్లలో పడుతున్న కాలానికి వాటిని వర్ణించే వ్యాకరణం అక్కడ అచ్చవుతోంది.

విల్కిన్సన్, రోజర్స్‌ల గుర్తుల్లో టిల్డ్ లేదు. జోడీకి కోలన్ బదులు చుక్క ఉండేది. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌వాళ్లు 1976లో మొదలుపెట్టిన ఎస్ భాషలో పేర్ల మధ్య చుక్క పెట్టుకునే అలవాటుంది, అక్కడ జోడీకి కోలన్ వచ్చింది. జాన్ ఛాంబర్స్, ట్రెవర్ హేస్టీ 1992లో కూర్చిన పుస్తకంతో టిల్డ్ నడిమధ్య కూర్చుంది. అట్ట రంగును బట్టి దాన్ని తెల్ల పుస్తకం అంటారు. న్యూజిలాండ్‌లో ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ ఎస్‌ను చూసి ఆర్‌ను కట్టారు. ఇద్దరి పేర్ల మొదటి అక్షరం అదే. దాని 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న, నాలుగేళ్లకోసారి వచ్చే తేదీన, విడుదలైంది. ఇప్పుడు పైథాన్, జూలియా, మ్యాట్‌ల్యాబ్ అన్నీ ఇదే వ్యాకరణాన్ని తెచ్చుకున్నాయి. మ్యాట్‌ల్యాబ్ అయితే దాన్ని విల్కిన్సన్ పేరుతోనే పిలుస్తుంది.

నా ఫార్ములాకు వస్తాను. అందులో దిక్కు అనే పదం ఉంది. విస్తీర్ణం అంకె, లెక్కలో నేరుగా పడుతుంది. తూర్పును దేనితో గుణించాలి?

ఆర్ చేసే పని ఇది. ప్రతి పదాన్నీ అంకెల కాలమ్‌లుగా మారుస్తుంది. తూర్పు అనే కాలమ్‌లో తూర్పు గుమ్మం ఇళ్లకు 1, మిగతావాటికి 0. అలాగే దక్షిణానికి, పడమరకు. ఇలా తయారైన అంకెల పట్టికను మోడల్ మ్యాట్రిక్స్ అంటారు. నాలుగు దిక్కులకు మూడు కాలమ్‌లే వస్తాయి. అక్షరక్రమంలో ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర గనుక ఉత్తరం ఆధారమై మాయమవుతుంది. తూర్పు పక్కన 1500 అని వస్తే, తక్కినవన్నీ ఒకటైనప్పుడు ఉత్తరం గుమ్మం ఇంటికన్నా తూర్పు ఇంటికి 1500 ఎక్కువ అని అర్థం. "తూర్పుకు విలువ 1500" అని కాదు. ఆధారాన్ని పడమరకు మార్చుకోవచ్చు. అంకె మారుతుంది, ఇళ్ల అద్దె అంచనాలు మారవు.

నాలుగో కాలమ్ కూడా పెడితే నష్టమేంటి? ఫార్ములాలో మనం రాయకపోయినా ఒక పదం ఉంటుంది, అన్ని ఇళ్లకూ 1 ఉండే కాలమ్. అది మూలవిలువ. (అది వద్దంటే మైనస్ 1 అని రాయాలి.) ప్రతి ఇంటికీ ఏదో ఒక దిక్కు ఉంది గనుక నాలుగు దిక్కుల కాలమ్‌లను కూడితే సరిగ్గా ఆ ఒకట్ల కాలమే వస్తుంది. అంటే ఒక కాలమ్ చెప్పే సమాచారం మిగతావాటిలో అప్పటికే ఉంది. అప్పుడు మూలవిలువలోంచి వెయ్యి తీసి నాలుగు దిక్కులకూ తలా వెయ్యి కలిపినా జవాబు అదే. లెక్కలేనన్ని జవాబులు. గణితంలో చెప్పాలంటే ఆ కాలమ్‌ల నుంచి లెక్క కోసం కట్టే మ్యాట్రిక్స్‌కు విలోమం ఉండదు, లెక్క ఆగిపోతుంది.

ఈ ఆగిపోయిన చోటినుంచి ముందుకు దారి వేసినవాళ్లలో ఒకరి పేరు పుప్పాలగూడవాళ్లు రోజూ చూస్తూనే ఉంటారు. గచ్చిబౌలిలో యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్ దగ్గరి రోడ్డు ప్రొఫెసర్ సీఆర్ రావు రోడ్డు. ఆ విశ్వవిద్యాలయం ఆవరణలోనే ఆయన పేరుతో గణిత, గణాంక, కంప్యూటర్ శాస్త్రాల సంస్థ ఉంది. కల్యంపూడి రాధాకృష్ణ రావు 1920 సెప్టెంబరు 10న హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు కర్ణాటకలో ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం, 1943లో కలకత్తాలో స్టాటిస్టిక్స్ ఎంఏ. కేంబ్రిడ్జిలో 1948లో పీహెచ్‌డీ, గురువు ఫిషరే. రోథమ్‌స్టెడ్ పొలాలకూ గచ్చిబౌలి రోడ్డుకూ మధ్య దూరం ఇంతే.

విలోమం లేని మ్యాట్రిక్స్‌కు విలోమం చేసే పని చేసిపెట్టేదాన్ని జీ-ఇన్వర్స్ అంటారు. ఆ ఆలోచన ఇ. హెచ్. మూర్‌కు 1920లోనే, రావుగారు పుట్టిన ఏడే, వచ్చింది. రోజర్ పెన్‌రోజ్ 1955లో మళ్లీ దాన్ని చేరుకున్నాడు. రావుగారు దాన్ని గణాంకాల వైపు తిప్పారు. ఆయన 1962 నాటి వ్యాసమూ, సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి 1971లో తెచ్చిన పుస్తకమూ ఈ విషయంలో ఇప్పటికీ మూలగ్రంథాలు. ఆయన చూపినదాన్ని మన అద్దె ఇంటి భాషలో చెప్తాను. జవాబులు లెక్కలేనన్ని ఉండనీ, ఏదో ఒకటి తీసుకో. తూర్పు అంకె ఒక జవాబులో 9000, ఇంకోదానిలో 12000 అని వస్తే దానికి విలువ లేదు. తూర్పుకూ పడమరకూ తేడా మాత్రం ఏ జవాబులో చూసినా ఒకటే. ఆధారం ఎక్కడ పెట్టుకున్నా మారనివాటినే నమ్ము, వాటినే అడుగు. చార్మినార్ ఎత్తును సముద్రమట్టం నుంచి కొలిచినా, నేలమీంచి కొలిచినా పైకొసకూ మొదటి అంతస్తుకూ తేడా మారదు కదా. రావుగారికి 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది. అదే ఏడు ఆగస్టు 22న, 102 ఏళ్ల వయసులో, అమెరికాలో కన్నుమూశారు.

ఆర్ ఈ చిక్కును తప్పించుకోడానికి ఒక దిక్కును ముందే తీసేస్తుంది. మనమే తెచ్చిపెట్టే చిక్కులు వేరు. నా షీటులో ఒక పాత ఓనరు పుణ్యమా అని చదరపు గజాల కాలమ్ కూడా ఉండేది. గజం అంటే తొమ్మిది చదరపు అడుగులు. అడుగులు, గజాలు రెండూ ఫార్ములాలో పెడితే రెండోదాని పక్కన అంకె బదులు "లేదు" అని అర్థమొచ్చే రెండక్షరాలు వచ్చాయి. అది ప్రోగ్రామ్ తప్పు కాదు. "నువ్వు ఒకే మాట రెండుసార్లు చెప్పావు" అని చెబుతోంది.

పిన్‌కోడ్ దగ్గర అయితే అది హెచ్చరించను కూడా హెచ్చరించదు. మణికొండ, పుప్పాలగూడలది 500089. మాదాపూర్ 500081, గచ్చిబౌలి 500032. పిన్‌కోడ్ అంకెల్లోనే ఉంటుంది గనుక ఆర్ దాన్ని కొలతగా పట్టుకుంటుంది. మణికొండకు గచ్చిబౌలి 57 మెట్ల దూరం, మాదాపూర్ 8 మెట్ల దూరం అనుకుని, మెట్టుకింత అని అద్దె కడుతుంది. నేలమీద సంగతి ఇందుకు తిరగబడి ఉంటుందని ఇక్కడి ఆటో డ్రైవర్ని అడిగితే చెబుతాడు. అది కొలత కాదు, పేరు అని ఫ్యాక్టర్ అనే మాటతో ఆర్‌కు మనం చెప్పాలి.

పదాల వరుస సంగతి కొంచెం. ఫార్ములాను పదాలుగా విప్పే ఫంక్షన్ పేరు టర్మ్స్. మనం ఎలా కలగాపులగంగా రాసినా అది విడి పదాల్ని ముందు, జోడీల్ని తర్వాత, త్రయాల్ని ఆ తర్వాత పేరుస్తుంది. అంకెల అంచనాలకు వరుసతో పనిలేదు. ఏ పదం ఎంత వివరించింది అని ఎనోవా పట్టిక వేయించినప్పుడు మాత్రం పని ఉంది. విస్తీర్ణం, పడకగదులు రెండూ అద్దె గురించి చాలావరకు ఒకే కబురు మోస్తాయి. ఆర్‌లో మామూలుగా వచ్చే పట్టికలో ఏది ముందు రాస్తే ఆ ఉమ్మడి కబురు ఘనత దానికే పోతుంది, రెండోదానికి మిగిలిందే దక్కుతుంది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు గానీ, ఇక్కడ చెవులదే రాజ్యం. వరుస తిప్పి రెండోసారి వేసి చూడనిదే ఎవరి పట్టికనూ నమ్మొద్దు.

విడి పదాన్ని తీసేసి జోడీని ఒంటరిగా ఉంచొచ్చా అని చాలామంది అడుగుతారు. నెల్డర్ 1977లో దీన్ని గట్టిగా కాదన్నాడు: జోడీ ఉంటే దాని విడి పదాలూ ఉండాలి, లేకపోతే మోడల్ చెప్పే మాటకు అర్థం ఉండదని ఆయన వాదన. జోడీలో రెండూ దిక్కు లాంటి పేర్లే అయితే ఇంకో తమాషా ఉంది. విడి పదం తీసేసినా ఆర్ చప్పుడు చేయకుండా జోడీలోనే అదనపు కాలమ్‌లు పెట్టి లోటు పూడుస్తుంది. తీసేశానని మనం అనుకుంటాం, మోడల్ అలాగే ఉంటుంది. రెండూ అంకెలైతే ఈ దయ లేదు, నిజంగానే పోతుంది.

ఫార్ములాకు ఇంకో గుణం ఉంది, అది పుప్పాలగూడ జనాన్ని గుర్తుచేస్తుంది. ఇక్కడ ఎవర్ని కదిలించినా రెండో ప్రశ్న "మీది ఏ ఊరు?" అనే ఉంటుంది. ఫార్ములా కూడా తాను పుట్టిన చోటును ఎప్పటికీ మరవదు. ఒక ఫంక్షన్ లోపల పుట్టిందా, ఆ ఫంక్షన్ లోపలి సామానంతటితో సంబంధం పెట్టుకుని తిరుగుతుంది. షీటులో దొరకని పేరు ఏదైనా ఉంటే ఊరికి వెళ్లి వెతుక్కుంటుంది. మంచి ఏర్పాటే. ఒకసారి నేను పనిచేసిన చోట పట్టుమని పది అంకెలు కూడా లేని మోడల్‌ను ఫైలుగా దాస్తే అది సర్వరు డిస్కును మింగేసింది. విప్పి చూస్తే ఫార్ములా వెంట ఊరి మూట మొత్తం ఉంది, లక్షల వరుసల పట్టికతో సహా. ఆ ఫంక్షన్ రాసింది నేనే కావడంతో ఎవర్నీ అనలేకపోయాను.

ఇంతకీ తూర్పు గుమ్మం సంగతేమైంది? నా షీటు మట్టుకు, విస్తీర్ణాన్ని ఫార్ములాలో చేర్చాక తూర్పు పక్కన అంకె బాగా తగ్గిపోయింది, పూర్తిగా పోలేదు. యాభై ఇళ్లు కూడా లేని షీటును చూపి బ్రోకర్‌తో వాదించడం తెలివైన పని కాదు గనుక వాదించలేదు.

అంతకు ముందు ఒక చిన్న పరాభవం జరిగింది, అది కూడా చెప్పాలి. మొదటిరోజు బద్ధకించి, పదాలన్నీ టైప్ చేయకుండా అద్దె ~ అని రాసి పక్కన ఒక్క చుక్క పెట్టాను. ఫార్ములాలో ఒంటి చుక్క అంటే "షీటులో మిగిలినవన్నీ". విల్కిన్సన్ కాలంలో జోడీలు కట్టిన చుక్కకు ఎస్ భాష అప్పగించిన కొత్త ఉద్యోగం. ఎంటర్ నొక్కగానే అద్భుతం. ప్రతి ఇంటి అద్దెనూ రూపాయి తేడా లేకుండా మోడల్ చెప్పేసింది. పక్క గదిలో ఉండే కుర్రాడు స్క్రీన్ వైపు ఒకసారి చూసి, "అన్నా, అడ్వాన్స్ అంటే రెండు నెలల అద్దే కదా" అన్నాడు. జవాబునే రెండింతలు చేసి ప్రశ్నలో పెట్టుకున్నానన్నమాట. విస్తీర్ణం, దిక్కు, అంతస్తు అన్నీ ఆ కాలమ్ పక్కన సున్నాలై కూర్చున్నాయి. చుక్క పెట్టి తర్వాత మైనస్‌తో ఒక్కో పదాన్నీ తీసేయొచ్చు. నేను మాత్రం ఆ రోజునుంచి పదాలన్నీ చేత్తోనే రాస్తున్నాను.

ఆర్ ఉచితంగా దొరుకుతుంది. పేరును టిల్డ్ మీట మీదే ఉండే వెనక్కి వాలిన కొటేషన్ గుర్తుల మధ్య పెడితే అది తెలుగులో ఉన్నా తీసుకుంటుంది. మీ షీటుతో ఒకసారి రాసి చూడండి. చుక్క పెట్టాలనిపిస్తే మాత్రం అడ్వాన్స్ కాలమ్ ముందే తీసేయండి.